ఎక్కడ చూసినా 590: కువైట్‌లో మనిషి, కడపలో అప్పు

కువైట్‌లో ఉన్న ఒకాయన పేరు మీద ఎవరో ఇక్కడ అప్పు తీసుకున్న కేసు ఇది. దీనికి సంబంధించిన కుటుంబం ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. బ్యాంకులు, కంపెనీల పేర్లు కూడా అక్కర్లేదు, ఏ బ్యాంకులోనైనా జరగగలిగిన విషయమే ఇది. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కడప ఏడురోడ్ల దగ్గర మేడమీద ఒక గది తీసుకుని కూర్చుంటున్నాను. కార్డు తగాదాలు, లోన్ కాగితాలు, సిబిల్ తప్పులు, ఇవే నా పని.

ఎండాకాలం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. చేతిలో బట్టల షాపు సంచి, దాన్నిండా కాగితాలు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. భర్త కువైట్‌లో డ్రైవర్. సిద్ధవటం దగ్గర పల్లె వాళ్ళది. పిల్లల చదువుల కోసం కడపలో బాడుగకు ఉంటున్నారు. మా వైపు ఇది కొత్త కథేం కాదు, కువైట్‌లో ఒక్క మనిషైనా లేని వీధి అరుదు.

"సార్, లేటు ఫీజని నా క్రెడిట్ కార్డులో 590 ఏసినారు. సరే, నేనే లేటు చేసినా. మా ఇంటాయన ఖాతాలో గూడ అదే 590 కోస్తాండారు. నా కార్డుకూ ఆయప్ప ఖాతాకూ ఏం సంబంధం సార్?"

సంబంధం లేదు. కానీ తొమ్మిది నెలలుగా ఉందనే అనుకుంది. అందుకే ఎవరినీ అడగలేదు. కార్డు మీద లేటు ఫీజు 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590. భర్త ఖాతాలో పడింది వేరే కోత. ఎవరో పంపిన ఆటోమేటిక్ డెబిట్ బ్యాలెన్స్ లేక వెనక్కి పోతే బ్యాంకు వేసే రిటర్న్ చార్జి. అది కూడా 500, దాని జీఎస్టీ 90. లెక్క ఒకటే, కారణాలు రెండు. అంకె ఒక్కటైనందుకు అసలు దొంగతనం తొమ్మిది నెలలు లేటు ఫీజు వేషంలో తిరిగింది.

నేను మొదట చేసే పని ఎప్పుడూ ఒకటే. సంచిలో కాగితాలన్నీ బల్ల మీద పోసి, ఇది మనదే, ఇది మనది కాదు, ఇది తెలీదు అని కుప్పలు వేస్తాను. భయంతో వచ్చిన మనిషికి అన్నీ ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఆ ముద్దను అట్లాగే పట్టుకుని ఫిర్యాదు రాస్తే, మన తప్పును కూడా మోసం ఖాతాలో వేసి మాట్లాడతాం. అవతలివాడు మన తప్పును చూపించి మొత్తం ఫిర్యాదునే కొట్టిపారేస్తాడు.

మనదే అన్న కుప్పలో ముందు కరెంటు బిల్లులు వచ్చాయి. రెండు నెలలవి కట్టలేదు. సర్‌చార్జి చిన్నదే, కట్టేస్తే పోతుంది, దాని గురించి రాయాల్సిందేం లేదు. రాయాల్సింది ఆ బిల్లు బాకీ ఉన్నప్పుడు వచ్చిన మెసేజ్ గురించి. "పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ ఆఫీసర్ నంబరుకు ఫోన్ చేయండి." 2022 నుంచి దేశమంతా తిరుగుతున్న మెసేజే. బిల్లు కట్టినవాళ్ళు నవ్వుకుని తీసేస్తారు. ఈమెకు నిజంగానే బాకీ ఉంది కాబట్టి నమ్మింది, ఫోన్ చేసింది. అవతలివాడు ఒక యాప్ ఎక్కించుకోమన్నాడు, అప్‌డేట్ కావడానికి పది రూపాయలు కట్టమన్నాడు. ఆ యాప్ మన స్క్రీన్ మొత్తం వాడికి చూపిస్తుంది. పది రూపాయలు కట్టించేది డబ్బు కోసం కాదు, మనం నొక్కే పిన్ చూడడానికి. ఇంటర్ చదివే కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు, అంతే బతికిపోయింది. మా కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ వాళ్ళతో మాట్లాడాలంటే 1912 ఉంది. మెసేజ్‌లో వచ్చిన పది అంకెల సెల్ నంబరుకు ఆఫీసర్ ఎవరూ ఉండరు. బాకీ పెట్టుకున్న మనిషికి గొంతు తగ్గుతుంది, ఎదురు ప్రశ్న వేయదు. ఇట్లాంటివాళ్ళ కోసమే ఆ దొంగ లక్ష మెసేజ్‌లు చల్లుతాడు.

ఆమె క్రెడిట్ కార్డు సంగతి సగం సగం. గడువు నెలకు 8వ తేదీ. 8 రాత్రి వేరే యాప్ నుంచి కట్టింది, కార్డులో జమ అయింది 10న. రెండు రోజుల ఆలస్యానికి లేటు ఫీజు వేశారు. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేటు ఫీజు వేయాలి, అప్పుడే బాకీ అని క్రెడిట్ బ్యూరోకు, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి కంపెనీకి, చెప్పాలి. మూడు రోజులు దాటాక రోజులు లెక్కపెట్టేది మాత్రం గడువు తేదీ నుంచే. రెండు లైన్ల మెయిల్ పెట్టించాను, వారంలో 590 వెనక్కి వచ్చింది.

ఆమె సంతోషించింది. నేను సంతోషించలేదు, ఎందుకంటే స్టేట్‌మెంట్ కింద వడ్డీ అని ఇంకో లైన్ ఉంది. ఏడు నెలలుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతోంది. "అంత కడితే చాలని రాసుంది గదా సార్" అంది. చాలు, లేటు ఫీజు పడకుండా ఉండడానికి చాలు. మిగతా మొత్తానికి నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు. ఏడాదికి 42 శాతం. మన ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి తిడతాం, ఇది అంతకంటే ఎక్కువ. కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అన్నది, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. కాబట్టి ఆ వడ్డీ మీద నేను చేయగలిగిందేమీ లేదు. మోసం కాదు, ఆమె వాడుకున్న డబ్బే. పండగ సీజన్ కుట్టు డబ్బులు రాగానే మొత్తం కట్టి, అప్పటిదాకా కార్డు బీరువాలో పెట్టమన్నాను.

ఇక పాస్‌బుక్. అసలు కేసు ఇక్కడుంది.

ఖాతా భర్త పేరు మీద. ఏటీఎం కార్డు ఆమె దగ్గర. పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించేది ఎప్పుడో ఒకసారి. వరసగా తొమ్మిది చోట్ల రిటర్న్ చార్జి, ప్రతిసారీ 590, మొత్తం 5,310. పక్కన కంపెనీ పేరు సగం అచ్చయి తెగిపోయింది. ప్రతి నెలా 5వ తేదీన ఎవరో 3,000 లాగడానికి ప్రయత్నించారు, ఖాతాలో లేక తిరిగిపోయింది. ఆయన కువైట్ నుంచి పంపేది ఆమె ఖాతాకే, ఈ ఖాతాలో ఎప్పుడో ఒక వెయ్యి రెండు వేలు పడతాయి. పడగానే పాత చార్జీలు మింగేస్తున్నాయి.

"ఆయన ఏమైనా లోన్ తీసుకున్నాడా అమ్మా?"

"లేదు సార్. తీసుకోనుంటే నాకు జెప్పకుండా ఉండడు."

ఈ మాట ప్రతి కేసులోనూ వింటాను. సగం కేసుల్లో అబద్ధమని తర్వాత తేలుతుంది. అందుకే ఆయనతో వాట్సాప్‌లో విడిగా మాట్లాడాను. ఆయనా తీసుకోలేదన్నాడు. మరి ఖాతాలో చార్జీ పడినప్పుడల్లా మెసేజ్ వస్తుంది కదా అంటే, ఆ ఇండియా సిమ్ రీచార్జి చేయించడం ఎప్పుడో మానేశాడట. ఏ నంబరని అడిగి, నా ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ నంబరుకే కొట్టాను. రింగయింది.

"ఎవురు కావాల?" ఒక కుర్రాడి గొంతు.

ఆమె ముఖం ఎర్రబడింది. వీడే దొంగ అని ఆమె చూపు. కుర్రాడిది గుంటూరు వైపు, కొత్త కనెక్షన్ తీసుకుంటే ఈ నంబరు ఇచ్చారట, ఎవరివో బ్యాంకు మెసేజ్‌లు వస్తుంటే విసిగిపోయి బ్లాక్ చేశాడట. వాడి తప్పేం లేదు. 90 రోజులు ఏ వాడకమూ, చాలినంత బ్యాలెన్సూ లేని సిమ్‌ను కంపెనీ ఆపేయవచ్చు. ఆపాక ఇంకో 90 రోజులు పక్కన పెట్టి, ఆ నంబరును మరొకరికి ఇచ్చేస్తారు. ఆధార్‌లో ఆ నంబరే, బ్యాంకులో ఆ నంబరే. ఆయన పేరు మీద ఏం జరిగినా, చెప్పే మెసేజ్ గుంటూరు కుర్రాడికి పోతోంది. మంచి కుర్రాడు కాబట్టి సరిపోయింది.

ఇంతలో ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. రెండు నెలల కిందట పల్లెలో అత్త దగ్గరికి ఒక మనిషి వచ్చాడట. "మీ కొడుకు ఫోన్ కొన్యాడు, కంతులు కట్టలేదు" అన్నాడట. "వాడు కువైట్‌లో ఉండాడు నాయనా" అంటే, కోడలి నంబరు తీసుకుపోయాడు. అప్పటినుంచి రాత్రి తొమ్మిదికి కూడా ఫోన్లు. మొత్తం 41,000 అవుతుంది, 15,000 కడితే సెటిల్ చేస్తానన్నాడు. గాజులు కుదువ పెట్టి కట్టేద్దామనే ఆమె నా దగ్గరికి వచ్చే ముందు రోజు అనుకుంది. నెలనెలా లాగాలని చూసిన ఆ 3,000 ఈ ఫోన్ కంతేనని, 590కీ దీనికీ లంకె ఉందని మాత్రం తట్టలేదు.

నేను గట్టిగా చెప్పింది ఇక్కడే. కట్టవద్దు. ఒక్క రూపాయి కూడా. తలనొప్పి వదిలించుకోవడానికి ఒక కంతు కట్టినా, ఆ అప్పు మాదే అని ఒప్పుకున్నట్టు వాళ్ళు చూపిస్తారు. సెటిల్‌మెంట్ అయితే ఇంకా చెడ్డ, క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అన్న మాట పడుతుంది. రేపు ఇంటి లోన్‌కు పోతే మేనేజర్ ముందు చూసేది దాన్నే. వీళ్ళకు పల్లెలో మూడు సెంట్ల స్థలం ఉంది, ఇల్లు కట్టాలని ఆశ. ఇంకోటి కూడా చెప్పాను. రికవరీ మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. రాత్రి ఫోన్ వస్తే ఎత్తవద్దు, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ మాత్రం దాచుకో.

కాగితం సంపాదించడం

ఇట్లాంటి ఏ ఆటోమేటిక్ డెబిట్ వెనకైనా ఒక మాండేట్, అంటే నా ఖాతాలోంచి తీసుకోండి అని ఖాతాదారుడు ఇచ్చే అనుమతి, ఉంటుంది, దానికొక యూఎమ్ఆర్ఎన్ అనే నంబరు ఉంటుంది. ఆ మాండేట్ కాపీ కావాలి. బ్యాంకుకు వెళితే కౌంటర్‌లో "లోన్ కంపెనీనే అడగండి" అన్నారు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, అది జవాబు కాదని తెలుసు. కానీ ఖాతాదారుడు ఎదురుగా లేడు, భార్య అడిగితే ఇవ్వరు, ఇవ్వకపోవడం సరైనదే. వాట్సాప్‌లో సంతకం పెట్టి పంపిన కాగితాన్ని ఒప్పుకోలేదు.

ఆయనకు సెలవు మూడు నెలల తర్వాత. ఆగలేం. కువైట్‌లో భారత రాయబార కార్యాలయంలో తన తరఫున పనులు చేయడానికి భార్య పేరు మీద జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి అటెస్ట్ చేయించమన్నాను. ఊరికొచ్చే మనిషి ఒకరు ఖర్జూరాల పెట్టెతో పాటు ఆ కాగితాన్నీ తెచ్చారు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. విదేశంలో రాసిన పవర్ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మేము రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని కాగానే బ్యాంకుకు రాతపూర్వకంగా అడిగి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. ముద్ర లేని అర్జీ అర్జీ కాదు.

నాలుగో రోజు మాండేట్ కాపీ ఇచ్చారు. చూడగానే ఆమె నవ్వింది, కేసు మొదలయ్యాక మొదటిసారి. సంతకం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషులో సంతకం రాదు. బ్యాంకు సంతకాల కార్డులో, పాస్‌పోర్ట్‌లో, కువైట్ కాగితాల్లో అంతటా తెలుగులోనే. బ్యాంకు ఆ మాండేట్‌ను ఎట్లా పాస్ చేసిందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. అదే రోజు మాండేట్ రద్దు చేయించాం, పదో కోత ఆగింది.

అన్నట్టు, ఉద్యోగానికి విదేశం వెళ్ళిన మనిషి ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశంలో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్చుకోవాలి. విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా అదే చెబుతుంది. మన వైపు ఎవరూ మార్చరు, ఈయనా మార్చలేదు. మార్చి ఉంటే కువైట్ నంబరు, అడ్రసు ఖాతాకు అప్పుడే ఎక్కేవి, ఈ తొమ్మిది కోతల్లో మొదటిదే ఆయన ఫోన్‌కు మోగేది.

ఈ లోపు కువైట్ నుంచి ఆయన మెయిల్‌తో లోన్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి లేఖ పంపించాను. ఒకే పేజీ. ఈ లోన్ నాది కాదు, లోన్ ఇచ్చిన రోజు నేను దేశంలో లేను, ఇవీ రుజువులు, నాకు ఈ కాగితాలు ఇవ్వండి. అంతే. మావాళ్ళు ఫిర్యాదు అంటే పుట్టినప్పటి నుంచి మొదలుపెడతారు. అధికారి చదివేది మొదటి ఐదు లైన్లే. జతచేసింది పాస్‌పోర్ట్ పేజీలు, కువైట్ సివిల్ ఐడీ, పాస్‌బుక్ కాపీ. లోన్ తేదీకి పద్నాలుగు నెలల ముందు చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో దేశం దాటినట్టు స్టాంపు ఉంది, తిరిగి వచ్చిన స్టాంపు లేదు. పాస్‌పోర్ట్ స్టాంపును మించిన సాక్షి నాకు ఇంతవరకు ఏ కేసులోనూ దొరకలేదు.

తొమ్మిదో రోజు "మా రికార్డుల ప్రకారం కేవైసీ సక్రమంగా ఉంది" అని అచ్చు కొట్టిన జవాబు. సక్రమంగా ఉంటే చూపించండి అని మళ్ళీ రాశాం. రెండు వారాలకు అప్లికేషన్, బిల్లు, షాపులో తీసిన కస్టమర్ ఫొటో వచ్చాయి. ఫోన్ ధర 46,000. పది వేలు డౌన్ పేమెంట్, మిగతా 36,000కు పన్నెండు కంతులు. మొదటి కంతు ఎవరో కట్టారు, తర్వాత ఆగిపోయింది. ఫొటోలో ఉన్నవాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. మా మనిషికి 46, బట్టతల. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన ఆధార్‌లో ముఖం నల్లటి మచ్చలా ఉంది కాబట్టి ఎవరి ముఖమైనా సరిపోయింది.

ఆ జిరాక్స్‌లు ఎక్కడ జారాయి? నేను ఎవరినీ వేలెత్తి చూపలేను, రుజువు లేదు. వీసా పనప్పుడు ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు అన్నీ ఒక కట్టగా రెండు మూడు చోట్ల ఇచ్చామన్నాడు. ప్రింట్ తీయడానికి షాపు నంబరుకు వాట్సాప్ చేశామన్నాడు. మనందరం చేసేదే. షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ తెరిస్తే మన ఊరి ఆధార్‌లన్నీ అందులో నిద్రపోతుంటాయి.

పోలీసులు, బ్యూరోలు, అంబుడ్స్‌మన్

స్టేషన్‌లో మొదట "ఇది సివిల్ మేటర్" అన్నారు. కాదు. వేరేవాడి గుర్తింపును దొంగతనంగా వాడడం ఐటీ చట్టం 66సి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం 66డి, రెండింటికీ మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దానికి తోడు భారతీయ న్యాయ సంహితలో మోసం సెక్షన్లు 318, 319. వాదన పెట్టుకోలేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరుతో అర్జీ రాసి, తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీ గారికి పోస్టులో పంపుతామని మర్యాదగా చెప్పాం. తీసుకున్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎందుకు చేయలేదని కొందరు అడుగుతారు. ఖాతాలోంచి డబ్బు ఇప్పుడే పోతే గంటలోపే 1930కి చేయాలి, ఆ డబ్బును దారిలో పట్టి ఆపడానికే అది. ఇక్కడ పోయింది పేరు. అర్జీతో బిల్లు కూడా ఇచ్చాం. దానిమీద ఆ ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు, ఉంది. దొంగ దాకా పోయే దారం కొస అదొక్కటే.

క్రెడిట్ రిపోర్టులు మన దేశంలో నాలుగు కంపెనీలు ఇస్తాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. సిబిల్ ఒక్కటి చూసి ఊరుకుంటారు చాలామంది, లోన్ కంపెనీ మిగతావాటికీ పంపి ఉంటుంది. ఈయన అప్పు రెండింటిలో కనిపించింది. ఒకదాంట్లో ఇంకో కంపెనీ ఎంక్వైరీ కూడా ఉంది. అంటే దొంగ ఇంకోచోట ప్రయత్నించాడు, ఇవ్వలేదు. స్కోరుకంటే నేను ముందు చూసేది రిపోర్టులో ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉండే భాగం. అక్కడ మనకు తెలియని నంబరు కనిపిస్తే మిగతా కథ చదవకముందే అర్థమవుతుంది. ఈయన రిపోర్టులోనూ ఒకటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పాత సిమ్ పోయిందని తెలిసి కూడా, ముందు కొత్త నంబరు, మెయిల్ బ్యూరోల్లో నమోదు చేయించకుండా డిస్ప్యూట్, అంటే ఈ అప్పు మాది కాదన్న అభ్యంతరం, వేసేశాను. ఒక బ్యూరో అడిగిన ఓటీపీ గుంటూరుకు పోయింది. కుర్రాడు బ్లాక్ చేసుకున్నాడు కాబట్టి వాడు కూడా చెప్పలేడు. గుర్తింపు కాగితాలు పంపి నంబరు మార్పించేసరికి రెండు వారాలు పోయాయి. ఇప్పుడు ఏ కేసులోనైనా నంబరు సంగతి తేలకుండా కాగితం కదపను.

డిస్ప్యూట్ వేశాక 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు ఫిర్యాదుదారుకు కట్టాలి. రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆలస్యం లోన్ కంపెనీదైతే కంపెనీ కట్టాలి, బ్యూరోదైతే బ్యూరో. చాలామందికి తెలీదు, అడిగినవాళ్ళకే వస్తుంది. 30 రోజులు దాటాయి, లోన్ కంపెనీ నుంచి జవాబు లేదు. బ్యాంకులు, లోన్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి అంబుడ్స్‌మన్. 2021 నాటి రిజర్వ్ బ్యాంకు ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఆన్‌లైన్లో ఫిర్యాదు వేశాం. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మన ఫిర్యాదు నంబరు, ముద్ర వేసిన కాపీలు ఉంటే చాలు.

ఆ తర్వాత పనులు వాటంతట అవే నడిచాయి. మూడో రోజు లోన్ కంపెనీ నుంచి ఫోన్. గొంతు మారిపోయింది, "మేడమ్" అంటున్నారు. డిస్ప్యూట్ వేసిన 52వ రోజుకు లోన్‌ను మోసంగా గుర్తించి మూసేశామని లేఖ వచ్చింది. రెండు బ్యూరోల్లోనూ ఆ ఖాతా తీసేశారు. ఆలస్యమైన 22 రోజులకు 2,200 రావాలి. మొదట మాట ఎత్తలేదు, మేమే రాసి అడిగితే ఆమె ఖాతాలో వేశారు. రికవరీ మనిషి ఫోన్లు ఆ లేఖకు వారం ముందే ఆగిపోయాయి.

ఇక ఆ 5,310. బ్యాంకు వాదన, మాండేట్ ఉంది కాబట్టి చార్జి వేశాం అని. మా వాదన, తెలుగు సంతకం ఉన్న ఖాతాకు ఇంగ్లీషు సంతకం మాండేట్ మీరెట్లా ఒప్పుకున్నారు అని. బ్రాంచి మేనేజర్ తన అధికారం వరకు ఆరు చార్జీలు వెనక్కి ఇచ్చాడు, 3,540. మిగతా మూడు పై ఆఫీసు తేల్చాలన్నాడు.

ఆయన సెలవులో వచ్చాక

ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి పోయిన మూడో రోజే నా దగ్గరికి వచ్చాడు. పొడవాటి మనిషి, మాట తక్కువ. కొత్త సిమ్ తీసుకుని ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించాడు, బ్యాంకులో ఖాతాను ఎన్ఆర్ఓ చేయించి కువైట్ నంబరు ఇచ్చాడు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టించాను. లాక్ ఉంటే వేలిముద్రతో డబ్బు తీసే చోట ఆ ఆధార్‌ను వాడలేరు, కావాల్సినప్పుడు లాక్ తనే తీసేసుకోవచ్చు. ఇక మీదట ఎక్కడ అడిగినా మాస్క్‌డ్ ఆధార్, అంటే చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దానిమీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నామో, తేదీతో సహా పెన్నుతో రాయమన్నాను. "ఎవురన్నా నవ్వుతారేమో సార్" అన్నాడు. నవ్వనీ అన్నాను.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపించే సేవ ఒకటుంది. 2021లో టాఫ్‌కాప్ పేరుతో మొదట ఆంధ్ర, తెలంగాణల్లోనే మొదలైంది, ఇప్పుడు సంచార్ సాథీలో ఉంది. కొత్త నంబరుతో అందులోకి వెళితే ఆయన పేరు మీద రెండు కనిపించాయి. ఒకటి ఆ రోజు తీసుకున్నది. రెండోదాని చివరి నాలుగు అంకెలు చూసి, లోన్ అప్లికేషన్ తీసి పక్కన పెట్టాను. అవే నాలుగు అంకెలు. దొంగ ఫోన్ కొనడానికి ముందు ఆయన పేరుతోనే సిమ్ కూడా కొన్నాడు. 'నా నంబరు కాదు' అని నొక్కించి, స్క్రీన్‌షాట్ తీసుకుని పోలీసులకు ఇచ్చిన అర్జీకి జత చేశాం.

భార్యాభర్తలు ఇద్దరూ లేచేటప్పుడు ఆమె అడిగింది, "పాస్‌బుక్ ఎన్నాళ్ళకోసారి ఏయించల్ల సార్?" నెలకోసారి అన్నాను. కరెంటు బిల్లు కట్టే రోజే వేయించుకుంటానంది.

ఆయన మళ్ళీ కువైట్ వెళ్ళిపోయాడు. ఐఎంఈఐ మీద స్టేషన్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. మిగిలిన మూడు చార్జీలకు, 1,770 రూపాయలకు, బ్యాంకు మీద వేసిన అంబుడ్స్‌మన్ ఫిర్యాదు నడుస్తోంది. అంత చిన్న మొత్తానికి ఎందుకు సార్ అని ఆమె ఒకసారి అడిగింది. రెండోసారి తనే ఫిర్యాదు నంబరు చీటీ మీద రాసుకుని వచ్చింది.